తేలికైన లెన్సు

మేడమీది పిట్టగోడపై పరచిన తువ్వాలులో రెండు లెన్సులు పక్కపక్కన ఉన్నాయి.

ఒకటి ఇత్తడి తొడుగుది; తూనికరాయంత బరువు. రెండవది అల్యూమినియంది, పొడవైనది; ఎత్తితే చేతిలో ఒక వస్తువున్నట్టే తోచదు.

"ఊళ్లు తిరిగే మనిషికి ఇదే మేలు" అంటూ ఆ రెండవదాన్ని ముందుకు జరిపాడు రమణమూర్తి. విశాఖపట్నంలో కెమెరా సామాన్లు అమ్ముతానని చెప్పుకొని, ఆ ఉదయమే చోడవరంలో బస్సు దిగిన మనిషి ఆయన. "మీ కుడి భుజం అసలే బాగోలేదు కదా."

పరదేశి తల ఎత్తి చూశాడు. భుజం సంగతి తాను చెప్పలేదు.

రావికమతం మొదలు బుచ్చయ్యపేట దాకా సైకిలు మీద తిరిగి, పెళ్లికూతుళ్లకూ ముసలివాళ్లకూ ఫొటోలు తీసి బతికేవాడు పరదేశి. పెట్టె మోసి మోసి భుజం కీలు అరిగింది. తేలికైన లెన్సు కోసం చాలాకాలంగా వెతుకుతున్న మాట నిజమే.

కాని అది లెన్సులు చూడవలసిన రోజు కాదు.

కింద, మామగారి సంవత్సరీకం. పిండం పెట్టవలసిన కొడుకు సత్యారావు. పరదేశి భార్య పైడితల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. కొండల్లో గొడవలు రేగిన ఆ ఏడు, అతడూ తిరగబడ్డవాళ్లలో కలిశాడని పోలీసులు గాలిస్తున్నారు. సొంత ఇంటి చుట్టూ కాపలా ఉన్నందువల్ల కార్యం అల్లుడింటికి మారింది.

సత్యారావు పేరు ప్రతి ఠాణాకూ తెలుసు. మొహం ఒక్కరికీ తెలియదు. ఇంట్లో ఉన్న అతని ఫొటోలన్నిటినీ ఫిల్ములతో సహా పరదేశే పొయ్యిలో వేశాడు.

తండ్రికి తిలోదకాలు ఇవ్వడానికి ఈ మధ్యాహ్నం వస్తానని అతడు కబురంపాడు.

"బరువుదే ఉంచీండి బాబూ" అన్నాడు పరదేశి. "అరుగు మీద నీడలో కూకోబెట్టి తీసినా పడతాది. ఈ రెండోదానికి ఎండ కావాల."

"ఎండ ఉంది కదా. పైగా దీనితో మనిషి ఎదుటికి వెళ్లనక్కర్లేదు. ఇక్కడ నిలబడితే చాలు, ఆ రోడ్డు మీది మొహం అరచేతిలోకి వస్తుంది."

"ఫొటో తీస్తన్నామని మనిషికి సెప్పాల కదా బాబూ."

రమణమూర్తి నవ్వాడు. "చెబితే మొహం మారిపోతుందండీ."

మెట్లలోంచి పైడితల్లి గొంతు వినిపించింది. "ఏటయ్యా, ఇంకా బేరం తెగనేదా? పంతులుగారు దర్భలట్టుకు కూకున్నారు. నువ్వు అద్దాలు కొనీదాకా మా నాయన ఆకలితో కూకోవాలేటి?"

"వస్తన్నానే!" అని కేక వేసి, పరదేశి ఈ వైపు తిరిగాడు. "రేపు రండి బాబూ. ఇంట్లో కార్యం."

"తెలుసు" అన్నాడు రమణమూర్తి. ఒక్క క్షణం ఆగి, "పంతులుగారు వస్తుంటే చూశాను లెండి. ఒక్కసారి కంటికి ఆనించండి. నచ్చకపోతే పట్టుకుపోతాను."

కాదంటే అనుమానం. చూసి పంపితే పీడ విరగడవుతుంది. అలా మనసుకు నచ్చజెప్పుకొని పరదేశి ఆ లెన్సును తన కెమెరాకు బిగించాడు. కొత్త రీలు రమణమూర్తే ఇచ్చాడు.

కెమెరా ఎత్తాడు. భుజం నొప్పి పలకలేదు.

ఆ హాయే అతణ్ణి మోసగించింది.

గోవాడ ఫ్యాక్టరీకి చెరకు బళ్లు బారుగా సాగుతున్నాయి. ఎద్దు కొమ్ముకు చుట్టిన ఎర్రదారం, బండివాని మెడ మీది చెమట, చెరకు నములుతున్న గుంటపిల్ల ముక్కుపుడక, అన్నీ కంటి ముందుకు నడిచి వచ్చాయి.

"ఓరి దీని తస్సాదియ్యా!" అన్నాడు పరదేశి, తనను తాను మరచి.

పక్కన రమణమూర్తి రోడ్డును చూడటం లేదు. పరదేశినే చూస్తున్నాడు.

బండి వెనుక బండి. మొహం వెనుక మొహం.

చెరకు మోపుల చాటునుంచి, తలపాగా చుట్టుకొని నడుస్తున్న ఒకడు బయటపడ్డాడు. గడ్డం పెరిగింది. కళ్లు మాత్రం పైడితల్లివే.

కెమెరాను పక్క బండి మీదికి జరపాలని పరదేశికి తెలుసు.

కాని జీవితమంతా చేసిన పని బుద్ధికన్న ముందు నడుస్తుంది. మొహం చక్కగా కుదిరినప్పుడల్లా, కదలవద్దని చెబుతూ లేవడం అతని ఎడమచేతికి అలవాటు.

బరువు లెన్సయితే ఆ చేయి దాని అడుగునే ఉండేది.

ఖాళీగా ఉన్న చేయి, అరచేయి తెరుచుకొని, గాలిలోకి లేచింది.

రోడ్డు మీద సత్యారావు మేడ వైపు చూశాడు. పసితనం నుంచి బావ ఎదుట నిలిచి ఫొటోలు దిగినవాడు. ఆ చేయి లేస్తే ఊపిరి బిగబట్టడం అతడు చిన్ననాడే నేర్చిన పాఠం.

నిలబడ్డాడు.

కర్మసాక్షి నడినెత్తిన వెలుగుతుండగా, సాగిపోతున్న బళ్ల మధ్య ఒక్క మనిషి మాత్రం మొహమెత్తి, కదలకుండా నిలబడ్డాడు.

పరదేశి చేయి దించాడు. అప్పటికే రమణమూర్తి చూపు ఆ చేయి చూపిన దారిన పోయి, తిరిగి వచ్చింది. ఆయన చూపుడువేలు పరదేశి వేలి మీద మెల్లగా ఆనింది. మీట నొక్కింది.

"బాగుంది" అన్నాడు. "తేలికగానే ఉంది కదా."



కింద, తమ్ముడి కాళ్లకు నీళ్లివ్వడానికి చెంబు పట్టుకొని, పైడితల్లి వీధి తలుపు తీసింది.