ఒక వరుస తక్కువ

“నాలుగు వందల ఇరవై,” మీటరు చూసి అంది ప్రకృతి వైద్యురాలు సుభాషిణి. “షుగరు బిళ్ళలు ఎందుకు ఆపేశారండీ?”

“మీరే చెప్పిన్రు గద మేడం,” అన్నాడు కనకరాజు. “ఉగాదికి వనస్థలిపురం పార్కుల క్యాంపు పెట్టి, మందులన్నీ విషమంటిరి. తంగేడు పువ్వు కషాయం తాగుతున్న. గా కషాయం చాలని మా ఆమెకు జర చెప్పుండ్రి.”

పక్కనే కూర్చున్న అతని భార్య చంద్రమ్మ ఒళ్ళోని సంచి మూతి బిగించి పట్టుకుంది.

కనకరాజు ఖాకీ చొక్కాకు నల్ల రిబ్బను ఉంది. బస్సు కండక్టరు. సమ్మె మొదలై పదిహేను రోజులైంది. ఒకటో తారీఖు వచ్చి పోయింది కానీ జీతం రాలేదు. అతను కషాయాన్ని నమ్మి కాదు, బిళ్ళలకు డబ్బుల్లేకే ఆపేశాడని సుభాషిణికి అప్పుడర్థమైంది.

“పెద్దాసుపత్రిలో బిళ్ళలు ఊరికే ఇస్తారు. వెళ్ళండి.”

“బస్సులేవి మేడం? బంద్ పెట్టింది మేమే గద,” అని నవ్వాడు.

ఎల్.బి.నగర్ సమ్మె శిబిరం నుంచి ఫోనొస్తే బయటికి వెళ్ళాడు. చంద్రమ్మ తలుపు దగ్గరికి వేసింది.

“నాకు తెల్వదనుకుంటున్నడు. కషాయం చాలనే చెప్పుండ్రి మేడం. నేను నమ్మినట్టే ఉంట. లేకుంటే నా కోసం సమ్మె ఇడిసి డ్యూటీకి పోవాల్నేమోనని ఆయనకు రంది.”

“కషాయంతో ఇది తగ్గదమ్మా.” ఆ మాట సుభాషిణి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

చంద్రమ్మ సంచి విప్పింది. నిండా తంగేడు పువ్వే.

“రేపు సద్దుల బతుకమ్మ. ఈసారి ఒక వరుస తక్కువ పేరుస్త. గీ పువ్వు ఆయనకు సరిపోతది గద?”

తలుపు తెరుచుకుంది. “చెప్పిన్రా మేడం?” అన్నాడు కనకరాజు.

“రోజుకు గుప్పెడు పువ్వు…” అని మొదలుపెట్టింది సుభాషిణి. మీటరు మీది నాలుగు వందల ఇరవై కనబడి అక్కడే ఆగిపోయింది.