టైలరు గారి సందేహాలు

“తలకి గట్టిగా దెబ్బ తగిలితేనండీ?” అని అడిగాడు టైలరు.

కళ్ళ డాక్టరమ్మ వివరించడానికి పట్టుకున్న ప్లాస్టిక్ కన్ను బొమ్మ గాల్లోనే ఆగిపోయింది. పక్క కుర్చీలో కూతురు తల దించుకుంది. గదిలోకి వచ్చి పది నిమిషాలు కాలేదు, నాన్న అడిగిన ఐదో ప్రశ్న ఇది. అంతకుముందు పరీక్ష మిషను దగ్గరా అంతే. “తల నిటారుగా పెట్టమ్మా” అని నర్సు అంటే, “తల నిటారుగానే ఉందండీ. మా అమ్మాయికి ఎడమ భుజం అరంగుళం దిగువ, పుట్టుకతోనే వచ్చింది” అని ఈయన జవాబు.

“అమ్మాయిది ఆఫీసు ఉద్యోగమని రాశారుగా. తలకి దెబ్బలెందుకు తగుల్తాయి?” అంది డాక్టరమ్మ.

“మా షాపులో బట్టల తానులు అటక మీదుంటాయండీ. దించుతుంటే ఒక్కోసారి నెత్తిన పడతాయి.”

కూతురికి నవ్వూ వచ్చింది, గుబులూ పుట్టింది. నిజానికి ఆ ప్రశ్న తనది. వారం రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతోంది. నాన్న పక్కనుండగా అడిగే దారి లేదు.

ఆమె ఫైర్ సర్వీసుకి దాదాపు ఎంపికైనట్టే. పరుగు, తాడెక్కడం, మనిషంత బరువును మోసుకుంటూ మెట్లు దిగడం, అన్నీ నెగ్గింది. యూనిఫాంకని ఎవరో టేపు తెచ్చి మెడ, ఛాతీ, భుజాలు కుడి వేరుగా ఎడమ వేరుగా కొలిచి రాసుకున్నారు. మిగిలింది చూపు పరీక్ష ఒక్కటే. అదీ మూడు నెలల తర్వాత, కళ్ళజోడు లేకుండా. బడిలో సోడాబుడ్డి అనిపించుకున్న పిల్లకి అదే గండమై కూర్చుంది.

ఇంట్లో మాత్రం ఆఫీసు ఉద్యోగమని చెప్పింది. ఏం చేస్తుంది మరి? నాన్న పొయ్యి ఆర్పాక కూడా మూడుసార్లు వెళ్ళి చూసొచ్చే మనిషి. ఇస్త్రీ పెట్టె పక్కన బకెట్టు నీళ్ళు లేనిదే ప్లగ్గు పెట్టడు. కూతురు మంటల్లోకి వెళ్తానంటే అన్నం మానేస్తాడు. ఆయన వద్దన్నాక కాదని గడప దాటే గుండె ఆమెకు లేదు. అందుకే చేరాక చెబుదామనుకుంది.

డాక్టరమ్మ ఓపిక తెచ్చుకుంది. “మళ్ళీ చెప్తాను. లాసిక్‌లో కంటి పైపొరని మూతలా తెరిచి, లోపల లేజర్‌తో సరిచేసి మూసేస్తాం. ఒకట్రెండు రోజుల్లో పనిలోకి వెళ్ళొచ్చు. పీఆర్‌కేలో మూత ఉండదు. పైనున్న పల్చటి చర్మం తీసేసి లేజర్ కొడతాం. అది మళ్ళీ పెరగాలి కాబట్టి నాలుగైదు రోజులు బాగా మంట, కొన్ని వారాలు మసక. మూడోది కంటి లోపల లెన్స్ పెట్టడం. ఈ అమ్మాయి పవరుకి అంత అవసరం లేదు. నన్నడిగితే లాసిక్.”

“దెబ్బ సంగతి చెప్పలేదు మీరు.”

“కంటికి గట్టి దెబ్బ తగిలితే ఆ మూత కదలొచ్చు. చాలా అరుదు.”

“రెండోదానికి?”

“మూతే లేదుగా, కదలడానికి.”

“మరి పొగ, వేడి?”

“ఏం పొగండీ?”

“ఇస్త్రీ పెట్టెలండీ. రోజంతా ఆవిరే.”

“కన్ను మానాక ఏం కాదు. పొడిబారితే చుక్కలేసుకోవాలి.”

“హెల్మెట్టు బిగించుకుంటే?”

“అదెందుకు?”

“స్కూటరు నేర్పిద్దామని.”

కూతురు ఉలిక్కిపడింది. సైకిలు కూడా తొక్కనివ్వని మనిషి స్కూటరంటున్నాడు. అయినా ఈ చాదస్తం ఇవాళ దేవుడిచ్చిన వరంలా ఉంది. తను అడగాలనుకున్నవన్నీ వరసపెట్టి అడిగేస్తున్నాడు.

“చూపు పూర్తిగా కుదురుకోవడానికి ఎన్నాళ్ళండీ?”

“పీఆర్‌కే అయితే మూడు నెలలనుకోండి.”

టైలరు గోడనున్న క్యాలెండరు వంక చూస్తూ వేళ్ళు మడిచాడు. “సరిపోతుంది” అన్నాడు.

“దేనికి?”

“షాపులో పెద్ద ఆర్డరుందండీ. అప్పటికి ఇచ్చెయ్యాలి.”

డాక్టరమ్మ నవ్వేసింది. “ఎంతోమంది తండ్రుల్ని చూశాను గానీ, సూదిలోకి దారం ఎక్కించినట్టు ఇలా అడిగేవాళ్ళని చూళ్ళేదు. నువ్వేమంటావమ్మా?”

“పీఆర్‌కే” అంది కూతురు. ఎందుకని నాన్న అడిగితే చెప్పడానికి రెండు అబద్ధాలు సిద్ధం చేసుకుంది. ఆయన అడగలేదు. “దానిష్టం” అని కాగితం ముందుకు లాక్కున్నాడు. సంతకం పెట్టేముందు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆపరేషనంటే భయం కాబోలనుకుంది. గుట్టు బయటపడకుండా గండం గట్టెక్కినందుకు ఆమె ప్రాణం కుదుటపడింది.

ఆపరేషనయ్యాక ఐదు రోజులూ కళ్ళలో కారం కొట్టినట్టే గడిచాయి. టైలరు కిటికీలకు నల్లబట్ట కట్టి, గడియారం చూసుకుంటూ చుక్కలు వేశాడు. మధ్యలో షాపుకు పరుగెత్తి నాలుగు కుట్లు వేసుకుని మళ్ళీ వచ్చేవాడు. ఆరో రోజు కళ్ళ మీద కట్టు బదులుగా ఉంచిన లెన్సులు తీసేశారు. మసక కాస్త ఉన్నా మంట పోయింది.

ఆసుపత్రి నుంచి ఆమె తిన్నగా షాపుకే వచ్చింది. ఆర్డరు తాలూకు నీలం చొక్కాలు, ఒక్కోదానికి ఒక్కో కొలతల చీటీతో, వరసగా వేలాడుతున్నాయి. వాటి వెనక మిషను మీద వంగి నాన్న. కళ్ళజోడు లేకుండా ఆయన ముఖం అంత బాగా కనిపించడం ఆమెకు అదే మొదలు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఇక అబద్ధం మొయ్యలేకపోయింది.

“నాన్నా, నీకొకటి చెప్పాలి. నేను చేరేది ఆఫీసులో కాదు.”

మిషను ఆగింది. టైలరు పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు.

“నీ యూనిఫాంకి ఎడమ భుజం అరంగుళం దించే కుట్టాను తల్లీ.”