నా కోసం మార్చి కట్టిన గుడిసె

మనిషి అడవికి వెళ్లేది అడవి మీద ఇష్టంతోనా, ఇంటి నుంచి తప్పించుకోడానికా? పెళ్లయినప్పటి నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

ఆదివారం వస్తే చాలు, మావారు అడవిలో గుడిసె కడతారు. బయట వేసిన చలిమంట పొగ లోపలికొస్తోందని విప్పేస్తారు. గాలివాటం చూసుకుని మళ్లీ కడతారు. ఇంట్లో వంటింటి గడియ ఊడి వేలాడుతుంటే మాత్రం, వడ్రంగిని పిలవమంటారు.

"ఈసారి నువ్వూ రావాలి. నీ కోసమే మార్చి కట్టాను," అన్నారు మొన్న.

"అబ్బో! ఇన్నేళ్లకు గుర్తొచ్చానా?" అని దెప్పానే గానీ, లోలోపల సంబరపడుతూనే వెళ్లాను.

కప్పు కింద ఎండుటాకులతో రెండు పడకలు పరిచారు. వాటి మధ్య సన్నటి కొమ్మలతో తడిక అల్లారు. ఆయన కట్టినవాటిలో వంకర లేకుండా నిలబడింది అదొక్కటే.

"నా గురక నీకు పడదుగా! అటువైపు హాయిగా పడుకో," అన్నారు గర్వంగా.

సరేనని చెరోవైపూ నడుం వాల్చాం.

"నా మాట వినబడుతోందా?" అని అరిచారు.

"అస్సలు లేదండీ!" అన్నాను ఉడికిద్దామని.

"హమ్మయ్య!" అని అటు తిరిగి పడుకున్నారు.

అంత శ్రద్ధగా అల్లింది నా నిద్ర కోసమో, తన ప్రశాంతత కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.