తేలే కోటు

"నాన్నా, ఇందులో నేను గుమ్మడికాయలా ఉన్నాను!"

అద్దంలో తనను తాను చూసుకుని స్మృతి గొంతు పెంచింది. మెడ నుంచి మడమల దాకా నారింజ రంగు. భుజాలు ఎక్కడున్నాయో, నడుం ఎక్కడుందో తెలియడం లేదు.

"ఫర్లేదు తల్లీ. గుమ్మడికాయ నీళ్ళలో తేలుతుంది," అన్నాడు రామమోహన్.

మినసోటాలో జనవరి. సరస్సులు గడ్డకట్టి, వాటి మీద జనం నడిచి తిరిగే రోజులు. ఆ మంచుకు బెజ్జం పెట్టి, గాలం వేసి చేపలు పట్టడానికి మర్నాడు స్మృతి వెళ్తోంది. లార్స్‌తో. కోటు కొనడానికి తనూ వస్తానని తండ్రి అంటే కాదనలేకపోయింది.

లార్స్‌ను ప్రేమిస్తున్నానని ఇంట్లో చెప్పి మూడు నెలలైంది. అమ్మ రెండు రోజులు ఏడ్చి తేరుకుంది. నాన్న మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఆ ఊసే ఎత్తలేదు. స్మృతికి గుచ్చుకుంటున్నది అదే.

"నాకు ఆ బ్లాక్ జాకెట్ చాలు నాన్నా. ఎంత వామ్‌గా ఉందో చూడు."

రామమోహన్ నల్ల జాకెట్ లోపల చెయ్యి పెట్టి చూశాడు. కొట్టులో పనిచేసే పెద్దావిడను పిలిచి, దీనితో నీళ్ళలో పడితే ఏమవుతుందని అడిగాడు. వెచ్చదనానికి లోపల కూరిన ఈకలు తడిసి బరువెక్కుతాయని ఆవిడ చెప్పింది. నారింజ సూట్ లోపల ఫోమ్ ఉంటుంది, మనిషిని పైకి తేలుస్తుంది అంది.

"విన్నావుగా?"

"నేను పడను నాన్నా. ఐస్ పదంగుళాల మందం ఉంది. లార్స్ చెక్ చేశాడు."

ఆ పేరు నోరు జారి వచ్చేసింది. స్మృతి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన విననట్టే ఉన్నాడు.

"ఏదీ, ఒకసారి గొంతుక్కూర్చో. మోకాళ్ళు వంగుతున్నాయా?"

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ."

కూర్చుంది. లేచింది. చేతులు పైకెత్తమంటే ఎత్తింది. లోపల ఇంకొకటి పడుతుందో లేదో అని ఆయన తన ఒంటిమీది స్వెటర్ విప్పి ఇచ్చాడు. అదింకా వెచ్చగా ఉంది. స్మృతి అది తొడుక్కుని, దానిమీద మళ్ళీ సూట్ వేసుకుంటే, ఆయనే వంగి జిప్ గడ్డం దాకా లాగాడు.

"ఈ జేబులో రెండు మేకులుంటాయి. ఒకవేళ పడితే వీటిని ఐస్‌లో గుచ్చి, పాక్కుంటూ పైకి రావాలి. కంగారుపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోకూడదు. వీడియోలు చూశాను."

"ఎన్ని చూశావు?"

"ఓ ఇరవై ఉంటాయి."

స్మృతి ఆ జేబు మూసేసింది. "నాన్నా, నా మీద కోపంగా ఉందా?"

"చంకల్లో బిగుతుగా ఉందా?" అన్నాడాయన.

స్మృతి ఇక వాదించలేదు. నారింజ సూట్ విప్పి మడత పెట్టి బిల్లింగ్ దగ్గరికి నడిచింది. వెనకాలే రామమోహన్ వచ్చి, దాని పక్కన ఇంకో సూట్ పెట్టాడు. నీలం రంగుది. మరీ పెద్దది.

స్మృతి దాన్ని పక్కకి నెట్టింది. "నాన్నా, ప్లీజ్! నువ్వు కూడా వస్తున్నావా?"

"ఆ చలిలోకి నేనెందుకమ్మా?"

"మరి ఇదెవరికి?"

రామమోహన్ బిల్లు వైపే చూస్తూ అన్నాడు. "అతను పడితే నువ్వు పైన నిలబడి చూస్తూ ఊరుకుంటావా? దూకేస్తావు."

స్మృతి నీలం సూట్ మెడ దగ్గరున్న సైజు చీటీ తిప్పి చూసింది. "కానీ... లార్స్ సైజు నీకెలా తెలుసు?"

"పొద్దున ఫోన్ చేసి అడిగాను. ఇన్నేళ్ళూ మామూలు కోటుతోనే వెళ్తున్నాడట, నాలుగు చీవాట్లు పెట్టాను."