బూట్ల పక్కన చోటు

“జరుగయ్యా” అంటే “నువ్వే జరుగు” అనుకుంటూ తొమ్మిది మంది గుమ్మం దగ్గరే ఇరుక్కున్నారు. అవతలి గోడవార నాలుగు బొంతలు మీద మీద పరిచి, అందరికంటే పెద్దవాడి కోసం ఉంచే పెద్దచోటు మాత్రం బోసిగా ఉంది.

విందుకి పిలిస్తే కడపటి చోట కూర్చోమని ప్రభువు చెప్పాడంటూ సంఘ పెద్ద తోక్తోసున్ కిందటి వారమే వాక్యం చెప్పాడు. అంతే. ఒకప్పుడు పెద్దచోటు కోసం గల్లాలు పట్టుకున్న మనుషులే ఇప్పుడు గుమ్మంలో విడిచిన బూట్ల పక్కన చోటు కోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు. తగ్గించుకోవడంలో కూడా మనిషికి మొదటి బహుమతి కావాలి. చివరికి ఆ బహుమతి తోక్తోసున్‌కే దక్కింది. గడపకి ఆనుకుని కూలబడి, గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

ఇంటాయన శార్షెన్‌కి ఇదేదీ పట్టలేదు. ఆయన చూపంతా బయటి గేటు మీదే ఉంది.

మూడేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో, అన్న బైతిక్ ఇంకా చేతులు కడుక్కుంటూ ఉండగానే శార్షెన్ వెళ్ళి పెద్దచోట కూర్చున్నాడు. ఊరి కాలవ నీళ్ళు పంచే అధికారి, లెమ్మనే దమ్ము ఎవరికుంది? పెద్దవాడి ముందు పెట్టాల్సిన గొర్రె తలకాయ కూడా తనే అందుకున్నాడు. బైతిక్ తడి చేతులతోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

మొన్న శరత్కాలంలో శార్షెన్ ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. వంతు కాని నీళ్ళు తిప్పుకోవడం మానేశాడు. పక్కింటి ముసలమ్మ అనార్‌కి సగం గడ్డివామి ఇచ్చేశాడు. చలికాలమంతా పట్నంలో కూతురి దగ్గరున్న బైతిక్‌కి ఈ సంగతి ఫోనులో ఎవరో చెబితే, “ఏట్లో ముంచితే కుక్కతోక వంకర పోతుందా?” అన్నాడట.

నాలుగు రోజుల కిందట బైతిక్ ఊళ్ళో దిగాడు. శార్షెన్ తన పెళ్ళాం బూరుల్ చేత అన్న ఇంటికి ఒక గొర్రెని కానుకగా తోలించి భోజనానికి పిలిచాడు. చూద్దాంలే అన్నాడట ఆయన. అందరి ఎదుటా అన్నని పెద్దచోట కూర్చోబెట్టి, తలకాయ ఆయన ముందు పెట్టి, తప్పు ఒప్పుకోవాలని శార్షెన్ ఆశ. ఈ తొమ్మిది మందినీ పిలిచింది అందుకే. ఇవాళ కూడా రాకపోతే ఇద్దరిలో ఒకరిని పాతిపెట్టే రోజునే ఇక కలవడం.

గేటు కిర్రుమంది. బైతిక్ వచ్చాడు. తమ్ముడు పంపిన గొర్రె ఆయన వెనకే వచ్చింది. దాని పక్కన ఇంకో గొర్రె. రెండింటినీ గుంజకి కట్టేశాడు.

“నువ్వొకటి పంపితే నీ మొహాన రెండు కొట్టాడు” అని బూరుల్ గొణిగింది.

అందరూ ఒదిగి దారిచ్చారు. బైతిక్ పెద్దచోటుకేసి ఒకసారి చూసి, తోక్తోసున్ కంటే ఇంకా కిందికి, సరిగ్గా బూట్ల మధ్య చతికిలబడ్డాడు. తోక్తోసున్ మొహం మాడిపోయింది.

“అన్నా, నీ చోటు అక్కడ” అన్నాడు శార్షెన్.

“అక్కడ కూర్చోడానికి నేనెంతవాణ్ణిరా?”

ఆ వాత అందరికీ తగిలింది. శార్షెన్ చెయ్యి పట్టుకుని గుంజాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి రాయిలా కదల్లేదు. బూరుల్ తలకాయ పళ్ళెం తెచ్చి బావగారి ముందు పెట్టింది. ఆయన దాన్ని తమ్ముడి వైపు నెట్టి, తనకి మెడ ఎముక చాలన్నాడు. తమ్ముడు మళ్ళీ ఇటు నెట్టాడు. నాలుగుసార్లు ప్రయాణం చేసేసరికి తలకాయకి ఒక చెవి ఊడింది.

శార్షెన్ తన కొత్త గొర్రెతోలు కోటు విప్పి అన్న భుజాల మీద కప్పాడు. బైతిక్ దాన్ని తీసి, పక్కనున్న అనార్ ముసలమ్మకి కప్పేశాడు. ఆవిడ వద్దనకుండా బొత్తాలు కూడా పెట్టుకుంది.

పాత నీళ్ళ అధికారి మళ్ళీ లేచి శార్షెన్ గొంతు దాకా వచ్చాడు. మూడేళ్ళ కిందటైతే పళ్ళెం వెళ్ళి టీ కాచే సమోవార్‌ని తాకేది. నోరు తెరవబోతూ, తననే చూస్తున్న తొమ్మిది మంది మొహాలు చూశాడు. అప్పుడు సిగ్గేసింది. ఒక్క క్షమాపణకి ఇంతమంది సాక్షులా? అన్నని పిలిచాననుకున్నాడు గానీ, తను ఎంత తగ్గాడో చూడ్డానికి జనాన్ని పిలుచుకున్నాడు.

వెళ్ళి బూట్ల మధ్య అన్న పక్కనే కూర్చున్నాడు. కరిగిన మంచుకి పంట్లాం తడిసింది. ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

“అన్నా, అమ్మ పేరున పెట్టిన కూడు నిన్ను తిననివ్వలేదు నేను. నువ్వు ఇక్కడే కూర్చో, లేచిపో, నీ ఇష్టం. తప్పు మాత్రం నాది.”

బైతిక్ తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

మాంసం చల్లారిపోతోందని తోక్తోసున్ వాపోయాడు. బూరుల్‌కి ఓపిక పోయింది.

“కోపం పోయినట్టేగా బావగారూ? మరి పైకెళ్ళి కూర్చోడానికి ఏమొచ్చింది?”

“కోపం కాదమ్మా” అన్నాడు బైతిక్. దొంగతనం బయటపడ్డవాడిలా తల గోక్కున్నాడు.

“పోయిన ఆదివారం పట్నంలో నేనూ బాప్తిస్మం తీసుకున్నాను.”