కుడివైపు అద్దం

డోరు ప్యాడ్ ఊడదీసేసరికి లోపలి నుంచి కాలువ నీళ్లు బొటబొటా కారాయి. నాగూర్ వలి చెయ్యి వెనక్కి తీసుకుని, లుంగీకి తుడుచుకుని, మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పోలీస్ స్టేషన్ రేకుల పంచలో ఆ పాత కారు పక్కనే హెడ్ కానిస్టేబుల్ జయరాజు కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం ఆ కారు రాజుపాలెం అవతల సాగర్ కాలువలో పడింది. అందులో ఉన్నది నడుపుతున్న అమ్మాయి ఒక్కతే. కారు మునగడానికి నాలుగైదు నిమిషాలు పట్టిందని కట్ట మీది గొర్రెలవాళ్లు చెప్పారు. అంతసేపూ ఆ పిల్ల పక్కనున్న అద్దం దిగలేదు.

బ్రేకులు, స్టీరింగు బాగున్నాయని బ్రేక్ ఇన్‌స్పెక్టరు పొద్దున్నే రాసిపోయాడు. తేలాల్సింది అద్దం సంగతే. అది పైకొచ్చేటప్పుడు ముందుకు ఒరిగి సగంలో ఇరుక్కుంటుంటే, పది రోజుల కిందట బాగుచేసింది నాగూర్ వలి. అందుకే అతని చేతే విప్పించమన్నారు.

పాత కార్ల షెడ్లలో ఒక దిక్కుమాలిన అలవాటుంది. సామాను దొరక్కపోతే, అద్దం జారిపోకుండా డోరు లోపల చెక్క బద్ద దోపి పంపించేస్తారు. ఆ బద్ద తీసేదాకా అద్దం దిగదు. వలి కూడా అలాగే చేసి ఉంటాడని బజారులో సగం మంది అనేశారు. అదే నిజమైతే జరిగింది ప్రమాదం, కేసు వలి మీద. ముప్పై ఏళ్ల షెడ్డుకు తాళం పడుతుంది.

మిగతా సగం మంది ఇంకో మాట అన్నారు. ఆ పిల్ల కావాలనే కాలువలోకి పోయిందట. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు గానీ, ఆమెకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. అద్దం బాగుందని తేలితే ఆ మాటే ఖాయమవుతుంది. అప్పుడు చేతులారా ప్రాణం తీసుకున్న మనిషికి, ఖననానికి ముందు చేసే జనాజా నమాజు చదివించాలా వద్దా అని మసీదు పెద్దలు పొద్దుట్నుంచీ తర్జనభర్జన పడుతున్నారు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఏదో ఒకటి తేలాలి.

వలి బయటి బ్యాటరీ తెచ్చి మోటరుకు వైర్లు కలిపాడు. అద్దం గుర్రుమంటూ కిందికి దిగింది. మళ్లీ పైకి వచ్చింది. ఎక్కడా ఒరగలేదు. అద్దం జారే ఛానల్ తిన్నగా ఉంది. బోల్టులు బిగుతుగా ఉన్నాయి. బద్ద లేదు. స్విచ్ విప్పి చూస్తే అదీ బాగుంది. అయినా వలి వదలకుండా పదిసార్లు దించి, పదిసార్లు ఎక్కించాడు. పనిమంతుడు పని బాగా చేశానని ఏడవడం ఎక్కడైనా ఉందా? అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అద్దం మంచిగానే ఉందిగా వలీ బాయ్. నీ తప్పేం లేదు," అన్నాడు జయరాజు, అతని మొహం చూడకుండా.

ఇంకొక్కసారి చూసుకోనివ్వమని వలి అడిగాడు. సరేనని జయరాజు ఎస్సైకి ఫోను చెయ్యడానికి లోపలికి పోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి అద్దం ముందుకు ఒరిగి బిగుసుకుపోయి ఉంది. దాని కింద అడ్డంగా ఒక చెక్క బద్ద.

"ఇందాక సరిగ్గా చూళ్లేదు సార్," అన్నాడు వలి. "సామాను దొరక్క నేనే దోపినా. ఆ పిల్లకి చెప్పటం మరిచిపోయినా. దించుకుందామని చానా కొట్టుకులాడి ఉంటది. రాసుకోండి."

జయరాజు వంగి బద్దను వేలితో తడిమాడు. డోరంతా నీళ్లు కారుతున్నాయి గానీ, బద్ద పొడిగా ఉంది.

"కొరివితో తల గోక్కుంటున్నావ్. ఇది రాస్తే నువ్వు జైలుకి పోతావ్."

"రాయండి సార్. అసర్ వేళవుతోంది."

జయరాజు పెన్ను తీశాడు. ఆ పిల్లకు ఏం కష్టమొచ్చిందో ఎవరికీ తెలియదు. తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు. చివరికి 'నీళ్లలో నానిన చెక్క బద్ద' అని రాసి, అట్ట ముందుకు చాపాడు.

నాగూర్ వలి సంతకం చేసి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, కూతురి జనాజాకు భుజమివ్వడానికి ఇంటికి బయల్దేరాడు.