ఇత్తడి రేకు మీద పేరు

“ఇమాముద్దీన్ భాయ్‌ని పిలమ్మా, నాలుగు దులిపేసి పోతాను!” శివాజీ హార్మోనియాన్ని అరుగు మీద దించాడు. “కొన్న ఆర్నెల్లకే గాలి నిలవట్లేదు. భజనలో పరువు పోయింది. బుచ్చయ్యపేట నుంచి ఆయన్ని తిట్టుకుంటానే వచ్చేను.”

ఆమినా పెట్టె మీది ఇత్తడి రేకును చూసింది. భర్త పేరే. కింద చోడవరం అని కూడా ఉంది.

“ఆయన పోయి నాలుగేళ్లయింది బాబూ.”

శివాజీ గొంతు తగ్గింది. “మరిదెవులు సేసేరమ్మా?”

“వైజాగు కంపెనీవోళ్లు. ఆయన పేరు పెట్టుకుంటామంటే నేనే సంతకం పెట్టేను.”

ఆమె హార్మోనియం మెట్లు నొక్కకుండా గాలితిత్తిని తెరిచి, మడతలకు చెంప ఆనించి మెల్లగా మూసింది. తాను చేసిన ప్రతి పెట్టెనూ ఇమాముద్దీన్ ఇలాగే చూసేవాడు. చెంపకు రవ్వంత గాలి తగిలినా ఆ పెట్టెను గడప దాటనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు ఆమె చెవి పక్క నెరిసిన వెంట్రుకలు కదిలాయి.

“తప్పయిపోయిందమ్మా. తెలీక ఆయన్ని తిట్టీసేను.”

“పేరన్నా బతికుంటాదని ఇచ్చేను బాబూ.” ఆమినా రేకును కొంగుతో తుడుస్తూనే ఉంది. “నువ్వంటే ఇంటికొచ్చి తెలుసుకున్నావు. రానోళ్లు ఇంకెన్ని ఊళ్లలో తిడతన్నారో!”